ధవళసీమకు తొలి అతిథి

ఉత్తరాన ఏడు సముద్రాలు దాటాక వచ్చే ఎనిమిదో సముద్రానికి పేరు పెట్టే ధైర్యం ఏ నావికుడికీ కలగలేదు. అక్కడి నీళ్ళు ఇంద్రనీలాలను కరిగించి పోసినట్టు ఉంటాయి. వాటి మీద స్ఫటిక గోపురాలు, వెండి ఏనుగులు, రెక్క విప్పిన హంసలు తేలిపోతుంటాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ మంచుగడ్డలే. ఏ దేవశిల్పో చెక్కి, చూసుకుని, తనివి తీరక నీళ్ళలో వదిలేసి మరొకటి మొదలుపెట్టినట్టు ఏ రెండూ ఒక్కలా ఉండవు. వేసవి పొడుగునా అక్కడ సూర్యుడు అస్తమించడు. గానుగెద్దులాగా ఆకాశం అంచు పట్టుకుని చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

ఆ సముద్రం మీద మకరిక అనే ఓడ మెల్లమెల్లగా సాగుతోంది. దాని ముక్కు మీద ఒక మనిషి రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడి ఉన్నాడు. అతడి పేరు మైలారుడు. కేసరావతీ నగరంలో రాజుగారి చాటింపు అతడిదే. వీపున డప్పు, గొంతులో కంచుగంట. తూర్పు కోట మీద అతడు గొంతెత్తితే పడమటి పేటలో ఉయ్యాలలోని పసివాళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళు.

"పొద్దు ఎంత ఎత్తున ఉంది సరంగూ?" అని అడిగాడు మైలారుడు, ఆ రోజు అది పదోసారి.

ఓడ నడిపే సరంగు చెయ్యి చాచి వేళ్ళతో కొలిచాడు. "నీళ్ళకీ దానికీ మధ్య జానెడు. పొద్దున బారెడు ఉండె. ఇయ్యాల మునగడం ఖాయం బాబూ."

ఆ సూర్యుడు ఈ వేసవిలో మొదటిసారిగా నీట మునిగేలోగా ఒక అతిథికి ధవళసీమ రాణి చేతి ముద్ద తినిపించాలి. లేకపోతే ఆ దేశం శుష్కపాదుడనే మాంత్రికుడి సొత్తు అయిపోతుంది.

ఆ కథ ఇది. పన్నెండేళ్ళ కిందట ధవళసీమ రాజు కొలువులో శుష్కపాదుడు ఒక పందెం కాశాడు. పన్నెండో వేసవి సూర్యుడు తొలిసారి మునిగేలోగా ఒక్క పరదేశి అయినా ఈ నేలను చూడాలన్న మనసుతో వచ్చి, ఇక్కడి అన్నం తింటే తాను ఓడినట్టు. రాకపోతే దేశం తనది. ఏటా ముప్పై నలభై ఓడలు వచ్చే దేశం అది. రాజు పకపకా నవ్వి, "మా గడప తొక్కనివాడు ఉంటాడా!" అని మంచుపలక మీద ఒప్పందం చెక్కించి ఇచ్చాడు. మాంత్రికుడు నవ్వలేదు. తిన్నగా దక్షిణానికి వచ్చి, విభూతి పూసుకుని, ఛప్పన్న దేశాల రాజులకూ హితోపదేశం చేశాడు. ఆ నాటినుంచి ప్రతి పున్నమికీ కేసరావతిలో డప్పు మోగింది.

"ఓహో ప్రజలారా! ఉత్తరాన ధవళసీమ మృత్యుసీమ! అక్కడి గాలి పీలిస్తే రక్తం రాయవుతుంది! అటు అడుగు వేసినవాడు తిరిగి రాడహో!"

ఆ గొంతు మైలారుడిదే. పన్నెండేళ్ళూ ఆ మాట నమ్మే చాటాడు. నాలుగు నెలల కిందట సంతలో తెల్లటి తోలు అంగీ తొడుక్కున్న ఒక పిల్ల వచ్చి అతడి డప్పు తాడు పట్టుకుంది. "నా పేరు తుహిన. ధవళసీమ రాణి ధవళాంబ కూతుర్ని. మా నాన్న దిగులుతో పోయాడు. మా దేశానికి దారి మూసింది కొండలు కాదన్నా, నీ నోరు," అని జరిగిందంతా చెప్పింది. ముందు వెళ్ళి తీరంలో కాచుకుంటానని, అతిథిని వెంటబెట్టుకు రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

మైలారుడు ఆ రోజే రాజుగారి కొలువు వదిలేశాడు. ధవళసీమకు రండంటూ ఊరంతా తిరిగాడు. జనం నవ్వారు. "నిన్నటిదాకా చస్తారన్నావు, ఇవాళ రమ్మంటున్నావు. ఏ నోటిని నమ్మమంటావురా?" అన్నారు. నగరం మొత్తం మీద ఒక్క మనిషి మాత్రం మూట కట్టుకుని రేవుకు వచ్చింది.

ఆ మనిషి ఇప్పుడు మూడు కంబళ్ళు కప్పుకుని ఓడ లోపలినుంచి బయటికి వచ్చింది. పట్టు వర్తకురాలు కొండసాని. అరవై రెండేళ్ళు. ముక్కుకు రెండు వైపులా వజ్రాలు, చంకలో చింతకాయ తొక్కు జాడీ.

"ఒరే మైలారూ, నీళ్ళు ఊపిరి తీసుకుంటున్నాయిరా! చూడు చూడు!"

నిజమే. ఓడకు బారెడు దూరంలో సముద్రం ఉబ్బి, నల్లటి కొండ ఒకటి పైకి లేచి, బుస్సుమని తాటిచెట్టంత ఎత్తుకు నీటిపొగ చిమ్మింది. దాని పక్కనే చిన్న కొండ మరొకటి లేచి, మోకాలెత్తు చిమ్మింది. తిమింగలాలు, తల్లీ పిల్లా. కొండసాని నోటి మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె నోట మాట రాకపోవడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

అంతలో తీరం కనిపించింది. అద్దంలాంటి మంచు మైదానం, దాని వెనక నీలి కొండలు. ఇంతకంటే ముందుకు పోతే ఓడ నుజ్జవుతుందని సరంగు చేతులు జోడించాడు. చిన్న పడవలో ఇద్దరినీ మంచుగట్టుకు చేర్చి, ఓడను లోతు నీటికి తిప్పుకుపోయాడు.

గట్టు మీద వాళ్ళ కోసం ఒకడు నిలబడి ఉన్నాడు. నిలువెల్లా తెల్ల ఎలుగు తోలు. చేతిలో ఎముక కర్ర.

"రండి రండి, దయచేయండి. తుహినమ్మ నన్ను పంపింది. కోటకు అడ్డదారి ఇటు. పొద్దు వాలుతోంది, త్వరపడాలి," అన్నాడు వంగి దణ్ణం పెడుతూ.

మైలారుడికి ప్రాణం లేచి వచ్చింది. ముగ్గురూ బయలుదేరారు. నడుస్తున్న కొద్దీ కొండసాని చలి మాటే మరిచిపోయింది. ఒకచోట మంచు పగులులో నెమలి కంఠం రంగు లోపలినుంచి వెలుగుతోంది. మరొకచోట రాతి సందున గోరంత పసుపు పువ్వు ఒకటి, చుట్టూ ఆమడ దూరం మరో పచ్చటిది లేకున్నా, తన పాటికి తాను గాలికి తల ఊపుతోంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పలకరించింది.

"ఎవరు చూస్తారని పూశావే తల్లీ!"

"పదండి పదండి," అన్నాడు ఎముక కర్రవాడు.

ఆమె లేచి, మాట్లాడుతూనే నడిచింది. మాటకో మేఘం ఆమె నోటినుంచి వెలువడి గాలిలో తేలిపోతోంది. మైలారుడి మీసాలు ఊపిరి గడ్డకట్టి తెల్లబడ్డాయి. ఉన్నట్టుండి కొండసాని అతడి మోచెయ్యి గిల్లింది.

"ఒరే, నాకు పొగొస్తోంది. నీకూ పొగొస్తోంది," అంది గుసగుసగా. "వాడు ఇందాకటినుంచి వాగుతూనే ఉన్నాడు. వాడి నోట్లోంచి వీసమెత్తు పొగ లేదేంరా?"

మైలారుడు చూశాడు. ఎముక కర్రవాడి పెదవులు కదులుతున్నాయి. వాటి ముందు గాలి సుబ్బరంగా ఉంది. ఊపిరి ఉన్నవాడికి ఈ చలిలో పొగ రాక తప్పదు. ఊపిరిని ఒంట్లోంచి తీసి మరెక్కడో దాచుకున్నవాడికే అది రాదు. అలాంటి విద్య తెలిసినవాడు లోకంలో ఒక్కడే.

"అమ్మగారూ, ఆగండి!"

ముందు నడుస్తున్నవాడు కూడా ఆగాడు. ఎలుగు తోలు భుజాల మీదినుంచి జారింది. కింద ఎండిన కట్టెలాంటి దేహం, జడలు, ఆ మంచులోనూ చెప్పుల్లేని నల్లటి పాదాలు.

"ముసలిదానికి కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు శుష్కపాదుడు. "చాటింపువాడా! పన్నెండేళ్ళు నాకు ఊడిగం చేశావు. కడసారి జీతం తీసుకో!"

కర్ర ఎత్తి మంచు మీద పొడిచాడు. కాలికింద మైదానం పెద్ద పులి గాండ్రించినట్టు అరిచింది. మెరుపులాంటి నెర్ర ఒకటి పాకుతూ వచ్చి, మైలారుడికీ కొండసానికీ మధ్య నోరు తెరిచింది. ఆమె నిలబడ్డ పలక నీళ్ళలోకి ఊగిపోతూ విడిపోయింది. మైలారుడు వెనక్కి చూసుకోలేదు. నాలుగడుగులు పరుగెత్తి దూకాడు. ఛాతీ పలక అంచుకు కొట్టుకుంది, నడుము దాకా నీటిలో మునిగింది. వేయి సూదులు ఒక్కసారి గుచ్చుకున్నట్టయింది. కొండసాని అతడి జుట్టు రెండు చేతులా పట్టి పైకి లాగింది.

గట్టున శుష్కపాదుడు పక్షిలా చేతులు చాపి, కోట వైపు ఎగిరిపోయాడు. పలక కెరటాల మీద సముద్రంలోకి జారింది.

"జుట్టు ఊడింది కానీ మనిషివి దక్కావు," అంటూ కొండసాని తన కంబళ్ళలో రెండు అతడికి చుట్టి, జాడీ మూత తీసి తొక్కు ముద్ద నాలుక మీద పెట్టింది. ఆ కారానికి అతడి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఒంటి వణుకు మాత్రం ఆగింది.

సూర్యుడికీ నీళ్ళకీ మధ్య ఇక నాలుగు వేళ్ళే.

ఆపద ఒంటరిగా రాదు. పలక అవతలి అంచున నీళ్ళు చీలి, కడవంత తల ఒకటి పైకి వచ్చింది. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు. రెండు గోళ్ళ పంజాలు మంచును కరిచి పట్టాయి. ఎద్దుకు రెండింతలుండే తెల్ల ఎలుగుబంటి బరబరా పైకెక్కి, నీళ్ళు విదుల్చుకుని, తిన్నగా కొండసాని వైపు చూసింది.

మైలారుడు వీపున డప్పు ముందుకు లాక్కుని కర్రతో కొట్టాడు. థప్పుమంది. తడికీ చలికీ తోలు సడలి, తడిగుడ్డలా వేలాడుతోంది. మంట చూపిస్తే తప్ప పలకదు. ఇక్కడ మంట ఏది?

ఎలుగుబంటి ఒక అడుగు వేసింది.

అతడు డప్పు పక్కన పడేశాడు. కొండసానికి అడ్డంగా నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి, పొట్టలోకి గాలి పీల్చి, ఇరవై ఏళ్ళ విద్యనంతా గొంతులోకి తెచ్చాడు.

"ఓహో ప్రజలారా! ధవళసీమకు అతిథి వచ్చిందహో!"

ఆ కేక మంచుకొండలకు తగిలి తిరిగి వచ్చింది. తిరిగి వచ్చి మళ్ళీ వెళ్ళింది. దూరాన ఒక మంచు గోపురం శిఖరం విరిగి నీళ్ళలో కూలింది. ఎలుగుబంటి చెవులు వెనక్కి వాలాయి. ఇంత చిన్న జంతువు నోట అంత పెద్ద శబ్దం అది పుట్టి ఎరగదు. కాసేపు ఆలోచించి, మర్యాద తప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి, నీళ్ళలోకి జారుకుంది.

"ఇంకోసారి అరవరా!" అంది కొండసాని చెవులు మూసుకునే. "బాగుంది!"

అతడు అరిచాడు. మూడోసారి అరిచేసరికి గట్టునుంచి కొమ్ముబూర బదులు పలికింది. తోలు పడవ ఒకటి మంచుగడ్డల సందుల్లోంచి చేపలా దూసుకు వచ్చింది. తెడ్డు వేస్తున్నది తుహిన.

"ఉదయంనుంచి అటు రేవులో కాచుకున్నానన్నా! వాడు పొగమంచు కప్పి దారి తప్పించాడు. నీ గొంతు వినబట్టి సరిపోయింది!"

గట్టున కొమ్ముల జింకలు ఆరు కట్టిన జారుడుబండి సిద్ధంగా ఉంది. చక్రాలు లేవు. నున్నటి ఎముక బద్దల మీద జారుతుంది. ముగ్గురూ ఎక్కీ ఎక్కకముందే తుహిన నాలుక చప్పరించింది. జింకలు విల్లు వదిలిన బాణాలయ్యాయి.

ఆ పరుగును ఏమని చెప్పాలి! మంచు ధూళి రెండు వైపులా రెక్కలై లేచింది. కొమ్ముల చాటున సూర్యుడు దానిమ్మ పండులా ఎర్రబడ్డాడు. తెల్లటి మైదానం గులాబీ రంగయింది, గులాబీ మైదానం బంగారమయింది. శుష్కపాదుడు కొండ మీదినుంచి మంచుగాలి వదిలాడు. తుహిన బండిని వంపు తిప్పి గాలిని వెనక వేసుకుంది. వాడు తోడేళ్ళను పుట్టించాడు. మైలారుడు గొంతెత్తితే అవి పొగై విడిపోయాయి. కొండసాని బండి కడ్డీ పట్టుకుని, వజ్రాలు రెండూ ఎర్రగా మెరుస్తుండగా, పదహారేళ్ళ పిల్లలా కేరింతలు కొట్టింది.

"ఇంకా వేగంగా పోనీవే పిల్లా!"

సూర్యుడి కింది అంచు నీటిని తాకుతుండగా బండి కోట వాకిట ఆగింది.

ధవళసీమ రాజసభకు గోడలు మంచువే, కప్పు మంచుదే. పడమటి గోడ పల్చగా పారదర్శకంగా ఉండి, అందులోంచి మునుగుతున్న సూర్యుడు సభనంతా కుంకుమ రంగులో ముంచుతున్నాడు. రాణి ధవళాంబ సింహాసనం దిగి, పీట మీద కూర్చుని ఉంది. ఆమె ముందు కొయ్యగిన్నె. అందులో జింకపాల జున్ను, నాచులో పండే నారింజ రంగు పళ్ళు. గిన్నె పక్కన నిలువెత్తు మంచుపలక. దాని మీద ఒప్పందపు అక్షరాలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. చుట్టూ ప్రజలు కిక్కిరిసి నిలబడ్డారు.

పలకకు అవతల శుష్కపాదుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రా అమ్మా, కూర్చో," అంది రాణి కొండసానితో. "మా ఇంట అతిథి కాలు పెట్టి పన్నెండేళ్ళయింది. వడ్డించడం మరిచిపోయానేమో, తప్పులుంటే మన్నించు."

గిన్నెలోంచి ముద్ద తీసింది.

"ఆగండి!" అన్నాడు శుష్కపాదుడు. "ఒప్పందంలో మాట చూడండి. చూడాలన్న మనసుతో వచ్చినవాడే అతిథి. ఈ చాటింపువాడు తప్పు దిద్దుకోవడానికి వచ్చాడు. వీడు అతిథి కాడు."

"కాను," అన్నాడు మైలారుడు తల వంచి. "పన్నెండేళ్ళు మీ దేశాన్ని చంపింది నా నోరే, మహారాణీ. నాకు ముద్ద అడిగే అర్హత లేదు. కొండసానమ్మగారి మాట వేరు."

"వేరేనా?" మాంత్రికుడు కొండసాని వైపు తిరిగి తేనెలా నవ్వాడు. "చెప్పు తల్లీ. వీడు వీధి వీధీ తిరిగి ఏడుస్తుంటే జాలిపడి వచ్చావా, లేదా? అబద్ధమాడితే ఈ పలకకు తెలుస్తుంది సుమా!"

కొండసాని పెదవి కొరుక్కుంది. పలక వైపు చూసింది, మైలారుడి వైపు చూసింది.

"అవును," అంది. "జాలిపడే వచ్చాను. అంత గొంతున్నవాడు అంత చిన్నబోయి నిలబడితే చూడలేకపోయాను."

పలక మీద అక్షరాలు ఇంకా నల్లబడి, బరబరా వేళ్ళు తన్నుతూ కిందికి పాకాయి. గోడలు పటపటలాడాయి. జనంలో ఎవరో వెక్కారు. సూర్యుడు సగం మునిగాడు. శుష్కపాదుడు రాణి సింహాసనం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యరా!" అంది కొండసాని. "నా మాట పూర్తి కాలేదు. పెద్దదాన్ని మాట్లాడుతుంటే మధ్యలో కుర్చీ ఎక్కుతావేం?"

ఆమె కంబళి విదిల్చి పడేసి లేచి నిలబడింది.

"వచ్చేటప్పుడు జాలే. కాదనను. మరి వచ్చాక? ఇక్కడికి మనిషన్నవాడు ఎందుకు రావాలో నన్నడుగు, చెబుతా. ఒక కొండ నా పక్కన లేచి ఊపిరి తీసుకుంది. పక్కనే దాని బిడ్డ, ఇంతే ఎత్తున, అమ్మలాగే తీసుకోవాలని చూసింది. ముగ్గురు బిడ్డల్ని పెంచాను. ఆ క్షణాన నా బిడ్డల ముఖాలన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. అది చూడ్డానికి రావాలి. రాతి సందున గోరంత పువ్వు చూశాను. నా దుకాణంలో వేయి వరహాల పట్టుంది, ఆ పసుపు దేనికీ ఎక్కలేదు. అది చూడ్డానికి రావాలి. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగితే, ఏ చప్పుడూ లేదు. కాకి లేదు, బండి లేదు, బేరం లేదు. నా చెవిలో నా రక్తం పారే చప్పుడు విన్నాను. అరవై రెండేళ్ళుగా అది పారుతూనే ఉందట! విన్నానా ఎప్పుడైనా?"

పలక అంచున ఒక నీటిబొట్టు పుట్టి జారింది. మాంత్రికుడు గబగబా ఏదో మంత్రం గొణిగాడు. బొట్టు ఆగలేదు.

"ఇంకా విను. పెళ్ళికూతురిగా ఉన్ననాటినుంచీ నన్ను చూసినవాళ్ళంతా ముందు నా నగలు చూశారు. ఇక్కడి ఎలుగుబంటి ఒక్కటే నగల వంక కన్నెత్తకుండా తిన్నగా నన్ను చూసింది!"

జనంలో నవ్వు పుట్టింది. రాణి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"తినడానికే చూసిందనుకో. అయినా ఆ చూపులో నేనెంత చిన్నదాన్నో తెలిసింది. ఇంత ఆకాశం, ఇంత మంచు, నేను ఆవగింజ. భయం వేయలేదురా మాంత్రికుడా, భారం దిగింది. మా ఊళ్ళో ప్రతివాడూ తానే ఏనుగుననుకుంటాడు. వాళ్ళందరినీ ఒక్కొక్కణ్ణి ఇక్కడికి తోలుకొచ్చి, ఈ ఆకాశం కింద నిలబెట్టాలని ఉంది. ఈ మాటలు ఎవడూ నేర్పలేదు. వచ్చేటప్పుడు నేను అతిథిని కాను. వచ్చాక అయ్యాను. ఇప్పుడు నన్ను పొమ్మన్నా పోను, ఇంకా చూడాల్సింది చాలా ఉంది. రాణీ, ఆ ముద్ద ఇలా తే, ఆకలేస్తోంది!"

పడమటి గోడలో సూర్యుడు గోరంత మిగిలాడు. రాణి ముద్ద అందించింది. కొండసాని నోట పెట్టుకుని, నమిలి, మింగి, "కాస్త ఉప్పు తగ్గింది కానీ పండు అమృతం," అంది.

మంచుపలక ఫెళ్ళుమని నిలువునా పగిలింది. నల్లటి అక్షరాలు నీరై నేల మీద పారి, నీలంగా మారి, తేటబడ్డాయి. సూర్యుడు మునిగాడు. చీకటి పడలేదు. ఆకాశమంతా గులాబీ, ఊదా, పచ్చ రంగుల పట్టుచీరలు పరిచినట్టయింది. జనం పెట్టిన కేకకు కప్పు మీది మంచు జల్లుగా రాలింది. మైలారుడు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తుహిన అతడి భుజం పట్టి ఊపింది.

"చూడన్నా, అటు చూడు!"

కోట వెనకనున్న పెద్ద మంచుకొండకు శుష్కపాదుడి మాయ వీడిపోయింది. అది గలగలా కరిగి జారుతోంది. జారేకొద్దీ దానిలోంచి ఒక తెరచాప కొయ్య బయటపడింది. పక్కన మరొకటి. ఒకటి, రెండు, నాలుగు, ఏడు! ఈ పన్నెండేళ్ళలో చాటింపును ఖాతరు చేయక బయలుదేరిన ఓడలను వాడు దారిలోనే పట్టి మంచులో పాతాడు. తెరచాపలు నీళ్ళు కారుస్తూ విచ్చుకున్నాయి. ముందు ఓడ మీద గడ్డం నిండా మంచుతో ఒక నావికుడు ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, కిందికి తొంగి చూశాడు.

"ఏమండీ! ధవళసీమ ఇదేనా?"

"ఇదే, ఇదే!" అన్నారు వేయి గొంతులు.

"హమ్మయ్య! పొద్దున్నే దిగుదామనుకున్నాం. కునుకు పట్టింది," అన్నాడు అతడు.

రాణి నవ్వుతూ ఏడుస్తూ గిన్నెలు నింపమని కేక వేసింది. ఏడు ఓడల అతిథులు! కొండసాని అప్పుడే జాడీ పట్టుకుని పీటల వరసలు సర్దుతోంది. ఆ సందడిలో అందరూ శుష్కపాదుణ్ణి మరిచిపోయారు. మైలారుడు మరవలేదు. సింహాసనం వెనక చూశాడు. ఎవరూ లేరు. ద్వారం బయట మంచు మీద మాత్రం బోసి పాదాల ముద్రలు, అడుగుకూ అడుగుకూ నిలువెత్తు ఎడంతో, ఉత్తరానికి వెళుతున్నాయి.

ఓడ మీది నావికుడు కిందికి దిగి వస్తూ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. అతడి ముఖం పాలిపోయింది.

"అయ్యా, ఇప్పుడు అంతా గుర్తొస్తోంది, మేం వచ్చింది ఏడు ఓడల్లో కాదు. ఎనిమిది ఓడల్లో వచ్చాం. ఎనిమిదోది తెల్ల తెరచాపది. అందులో నూట ఇరవై మంది యాత్రికులు. మమ్మల్ని ఇక్కడ పాతినవాడు దాన్ని మాత్రం ఆకాశంలోకి ఎత్తి, అదిగో, ఆ కొండల అవతలికి పట్టుకుపోయాడు. తన ఊపిరి ఆ ఓడలోనే దాచుకున్నానని, దాన్ని ముంచితే తప్ప తనకు చావు లేదని నవ్వాడు!"

పాద ముద్రలు వెళ్ళేది అటే. వాడు ఆ ఓడను చేరితే నూట ఇరవై మందీ వాడి చేతిలో పణం.

తుహిన అప్పటికే జింకల పగ్గాలు అందుకుంది. మైలారుడు ఒక్క దూకులో బండి ఎక్కాడు. వెనకనుంచి ఎవరో రొప్పుతూ వచ్చి అతడి పక్కన ధబ్బున కూలబడ్డారు.

"అమ్మగారూ, మీరు దిగండి! ఇది ప్రాణాలతో చెలగాటం!"

"నోర్ముయ్యి," అంది కొండసాని కంబళి బిగించుకుంటూ. "ఆ కొండల అవతల ఏముందో నేను చూడలేదు."

బండి కదిలింది. వెనక విందు చప్పుళ్ళు, ముందు వెలుగు తగ్గని నీలి సంజ. పాద ముద్రల వెంట కొండ ఎక్కారు, వంపు తిరిగారు. తిరగ్గానే తుహిన పగ్గాలు గుంజింది. పగ్గాలు ఆగమంటున్నా వేగం ఆగనంది. ఎదురుగా నేల రెండుగా చీలి ఉంది. చీలిక అడుగు కనిపించడం లేదు. అవతలి గట్టున శుష్కపాదుడు నిలబడి, కర్రతో మంచును పొడుస్తూ ఆ చీలికను ఇంకా ఇంకా వెడల్పు చేస్తున్నాడు. వాడి వెనక, కొండ కొమ్మున, గాలికి నిండుగా పొంగిన తెల్ల తెరచాప ఒకటి.

"పట్టుకోండి!" అంది తుహిన, పగ్గాలు పూర్తిగా వదిలేసి.

ఆరు జింకలూ తలలు ఎత్తి, ఇరవై నాలుగు గిట్టలూ ఒక్కసారి నేల విడిచాయి.